ఏ ఊరి అమ్మోనైట్?

తెలుగు ఇళ్లలో అమ్మోనైట్ శిలాజం కోసం వెతికేవాళ్లు ముందు దేవుడి గదిలోకి వెళ్లాలి. అక్కడ చిన్న రాగి పళ్లెంలో, తులసి దళం కింద, నల్లగా నున్నగా ఉన్న సాలగ్రామం కనబడుతుంది. నేపాల్‌లో ముక్తినాథ్ దిగువన గండకీ నది ఒరిపిడికి అరిగిన రాయి అది. పూజ చేసే ఇంటికి అందులోని చక్రం విష్ణు చిహ్నం. భూగర్భ శాస్త్రం చదివినవాడికి అదే చక్రం సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట, హిమాలయాలు ఇంకా పుట్టని రోజుల్లో, టెథిస్ సముద్రంలో బతికిన ఒక జీవి గుల్ల వదిలిన ముద్ర. చక్రాలెన్ని, ద్వారం ఎటువైపు, రంగేమిటి, లోపల బంగారు గీతలున్నాయా అని చూసి పండితులు దాన్ని సుదర్శనమనో లక్ష్మీనరసింహమనో హిరణ్యగర్భమనో నిర్ణయిస్తారు. ఆకారం చూసి, వర్గాలుగా విడదీసి, పేరు పెట్టే పని అమ్మోనైట్ల విషయంలో ఐరోపా ప్రకృతి శాస్త్రజ్ఞుల కంటే ముందే మన దగ్గర మొదలైందన్నమాట.

ఆ శాస్త్రజ్ఞులు కూడా మన దేవుళ్లను వదల్లేదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన సి.టి. కే, ఆయనతోపాటు కన్‌లిఫ్ అనే మరొకరు 1840ల్లో పుదుచ్చేరి, తిరుచిరాపల్లి ప్రాంతాల్లో శిలాజాలు ఏరి లండన్‌కు చేర్చారు. 1846లో వాటిని వర్ణించిన ఎడ్వర్డ్ ఫోర్బ్స్ కొత్త అమ్మోనైట్లకు వరసగా బ్రహ్మ, ఇంద్ర, సూర్య, శివ అని పేర్లు పెట్టుకుంటూ పోయాడు. వాటిలో రెండు ఇప్పటికీ బ్రహ్మాయిటిస్ బ్రహ్మ, సూడోఫిల్లైటిస్ ఇంద్ర అనే పేర్లతో శాస్త్ర గ్రంథాల్లో ఉన్నాయి. ఏరి తెచ్చిన కే గారికీ వాటా దక్కింది: గాడ్రిసెరాస్ కేయై.

ఈ పేర్ల వెనక ఉన్న చిక్కు ఇవాళ సొంతంగా శిలాజాలు సేకరించే ప్రతివారికీ ఎదురవుతుంది. కచ్ యాత్ర నుంచి ఒకటి, రాళ్ల ప్రదర్శనలో కొన్న మడగాస్కర్ జత ఒకటి, ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు విట్‌బీ సముద్రతీరం నుంచి తెచ్చింది ఒకటి, మామగారి ఇంటి నుంచి వచ్చిన సాలగ్రామం ఒకటి. డబ్బాలో నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. నాలుగూ చుట్టలే. చీటీ మీద ఏం రాయాలి? పుస్తకంలో బొమ్మ దగ్గర పెట్టి పోల్చి చూస్తే పేరు దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. ఆకారం కొంత దూరమే తీసుకెళ్తుంది. ఏ ఊరిది, ఏ పొరలోది అనే రెండు ప్రశ్నలకు జవాబు ఉంటేనే మిగతా దారి తెరుచుకుంటుంది. రెండు వందల ఏళ్లకు పైగా అమ్మోనైట్లకు పేర్లు పెడుతున్నవాళ్ల అనుభవమంతా ఈ మాటనే బలపరుస్తుంది.

ముందు తేల్చుకోవలసింది అది అసలు అమ్మోనైటేనా అన్నది. అమ్మోనైట్లు నత్తలు కావు. స్క్విడ్, ఆక్టోపస్‌ల వంశానికి చెందిన సముద్ర జీవులు. వాటి పూర్వరూపాలు డివోనియన్ యుగంలో, సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట కనబడ్డాయి. డైనోసార్లను తుడిచిపెట్టిన 6.6 కోట్ల ఏళ్ల నాటి విపత్తులోనే ఇవీ పోయాయి. గుల్ల లోపల అడ్డుగోడలతో వరసగా గదులుంటాయి. జీవి చిట్టచివరి పెద్ద గదిలో మాత్రమే ఉండేది. వెనక గదుల్లో గాలి, ద్రవం సర్దుకుంటూ నీటిలో తేలేది. ఆ గదులన్నిటి గుండా సైఫంకిల్ అనే సన్నని గొట్టం పోతుంది. నత్తగుల్లలో ఇలాంటి అడ్డుగోడల వరసగానీ గొట్టంగానీ ఉండవు. పైగా నత్తగుల్ల చుట్ట సాధారణంగా ఒక పక్కకు లేస్తుంది. అమ్మోనైట్‌ను నడిమికి కోస్తే రెండు సగాలూ దాదాపు ఒకేలా ఉంటాయి.

రాజమండ్రి చుట్టుపక్కల కాటేరు, పంగిడి దగ్గర దక్కను లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాతిలో గుల్లలు కనబడతాయి. అమ్మోనైట్లు అంతరించిన కాలానికి దగ్గరి పొరలవి. కానీ అక్కడ దొరికేవి నత్తలు, ఆల్చిప్పలు. చుట్ట ఉంది కదా అని అమ్మోనైట్ అని రాసేస్తే తప్పే.

నాటిలస్‌తో పోలిక ఇంకా తికమక పెడుతుంది. అదీ గదుల గుల్లే, అదీ చుట్టే. రెండు గుర్తులు చూడాలి. నాటిలస్‌లో సైఫంకిల్ గొట్టం అడ్డుగోడ నడుమ ప్రాంతం గుండా పోతుంది. అమ్మోనైట్లలో దాదాపు ఎప్పుడూ బయటి అంచును ఆనుకుని ఉంటుంది. రెండో గుర్తు అడ్డుగోడ గుల్లను తాకే చోట పడే గీత. దాన్ని సూచర్ అంటారు. నాటిలస్‌లో అది మెల్లగా వంపు తిరుగుతుంది. అమ్మోనైట్‌లో ఆకు అంచులా, లేసు పనిలా చీలికలు చీలికలుగా సాగుతుంది.

సూచర్ గీత కాలాన్ని కూడా కొంత చెబుతుంది. డివోనియన్ నుంచి పర్మియన్ దాకా బతికిన గోనియటైట్లలో అది పళ్లు లేని సాదా వంకర. ట్రయాసిక్ కాలపు సెరటైట్లలో వంపుల ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపపు పళ్లతో ఉంటుంది. జురాసిక్, క్రెటేషియస్ అమ్మోనైట్లలో రెండు వైపులా చీలికలే. మొరాకో నుంచి నల్లగా మెరుగుపెట్టి అమ్మకానికి వచ్చే చిన్న చుట్టలు చాలావరకు గోనియటైట్లు. జురాసిక్ అమ్మోనైట్ల కంటే వాటి వయసు రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అమ్మేవాళ్లు మాత్రం అన్నిటికీ కలిపి అమ్మోనైట్ అనే అంటారు.

ఈ సూత్రానికీ మినహాయింపులున్నాయి. క్రెటేషియస్‌లో కొన్ని వంశాల సూచర్ మళ్లీ సాదాగా మారి సెరటైట్ పోలికకు వచ్చింది. వాటిని సూడోసెరటైట్లు అంటారు. రాయి ఎక్కడిదో తెలియకుండా ఆ గీత ఒక్కటే చూసి కాలం చెబితే పది కోట్ల ఏళ్లకు పైగా తేడా రావచ్చు. ఇంకో మాట: పై గుల్ల ఊడిపోయి లోపలి అచ్చు బయటపడితేనే సూచర్ కనబడుతుంది. గుల్ల చెక్కుచెదరకుండా ఉన్న నమూనా చూపుకు ఎంత అందంగా ఉన్నా ఈ సమాచారాన్ని దాచిపెడుతుంది.

తరువాతి పని కొలతలు. వెర్నియర్ కాలిపర్స్, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చాలు. మొత్తం వ్యాసం, మధ్యలో నాభి వెడల్పు, చివరి చుట్టు ఎత్తు, మందం అనే నాలుగు అంకెలు రాసుకోవాలి. వ్యాసంలో నాభి ఎంత వంతు అన్నది అన్నిటికంటే పనికొచ్చే లెక్క. బయటి చుట్టు లోపలి చుట్లను దాదాపు మింగేస్తే నాభి చిన్న గుంటగా మిగులుతుంది. చుట్లు ఒకదాన్నొకటి తాకి ఊరుకుంటే లోపలివన్నీ పైకి కనబడతాయి. ఆ పైన గట్లు: సాదావా, మధ్యలో రెండుగా చీలతాయా, కొడవలిలా వంగుతాయా, బొడిపెలున్నాయా, బయటి అంచు మీదుగా దాటుతాయా, అక్కడ ఆగిపోతాయా. చివరికి బయటి అంచు: గుండ్రమా, బల్లపరుపా, నిలువు గట్టు ఉందా, గాడి ఉందా. ఫొటోలు తీసేవాళ్లు పక్క నుంచి ఒకటి తీసి ఊరుకుంటారు. పేరు తేల్చే గుర్తుల్లో సగం బయటి అంచు మీదే ఉంటాయి. అంచు ఫొటో లేకుండా నిపుణుడిని పేరు అడగడం అన్యాయం.

ఆకారమే చాలినంత చెప్పే చోటు ఒకటుంది: ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని విట్‌బీ. అక్కడి జురాసిక్ కాలపు నల్లటి షేల్ కొండల్లో రెండు అమ్మోనైట్లు విరివిగా దొరుకుతాయి. డాక్టిలియోసెరాస్ కమ్యూనే చుట్టి పెట్టిన మోకులా ఉంటుంది. చుట్లన్నీ కనబడతాయి. సన్నని గట్లు బయటి అంచు దగ్గర రెండుగా చీలి అవతలి పక్కకు దాటిపోతాయి. అంచు మీద నిలువు గట్టు ఉండదు. హిల్డోసెరాస్ బైఫ్రాన్స్‌కు అంచు మీద నిలువు గట్టు, దాని ఇరుపక్కలా గాళ్లు, పక్క భాగం మీద చుట్టు వెంబడే పోయే మరో గాడి, కొడవలి గట్లు ఉంటాయి. తెలిసినవారు చేతిలోకి తీసుకోగానే విడదీసి చెప్పగలరు. ఏడో శతాబ్దపు మఠాధిపతి హిల్డా పాములను రాళ్లుగా మార్చిందని ఆ ఊళ్లో ఐతిహ్యం. హిల్డోసెరాస్ పేరు ఆవిడదే. ఊరి అధికార చిహ్నం మీద కూడా మూడు చుట్టలున్నాయి. ఐతిహ్యాన్ని నమ్మే యాత్రికుల కోసం అక్కడి వ్యాపారులు అమ్మోనైట్‌కు పాము తల చెక్కి అమ్మేవారు. అలా తల మొలిచిన నమూనాలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

విట్‌బీలో పని సులువు కావడానికి ఒక కారణముంది. కొండ ఏ కాలానిదో, ఏ పొరలో ఏది దొరుకుతుందో ముందే తెలుసు. డాక్టిలియోసెరాస్ కమ్యూనే పేరును అక్కడి ఒక పొర విభాగానికే పెట్టారు. అంటే పోటీలో ఉన్న పేర్లు కొన్నే. అదే రాయి ఊరు లేకుండా దుకాణంలో దొరికితే ప్రపంచంలో మోకు చుట్టలాంటి అమ్మోనైట్లన్నీ వరసలో నిలబడతాయి.

ఎందుకంటే ఈ జీవులు ఒకే ఆకారాన్ని పదేపదే కనిపెట్టాయి. అంచు కత్తిలా పదునైన పల్చని బిళ్ల రూపం జురాసిక్ మొదట్లో ఆక్సినోటిసెరాస్‌లో కనబడుతుంది. ఆ వంశం పోయిన 12 కోట్ల ఏళ్లకు, క్రెటేషియస్ ముగింపులో, స్ఫీనోడిస్కస్ అదే రూపంతో వచ్చింది. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. పల్చని బిళ్ల నీటిని తేలిగ్గా చీల్చుకుపోతుంది కాబట్టి ఆ అచ్చు మళ్లీ మళ్లీ తిరిగొచ్చిందని వివరణ.

పైగా ఒకే జాతిలో పిల్ల గుల్ల వేరు, పెద్ద గుల్ల వేరు. చిన్నప్పుడు మోటు గట్లున్నవి పెరిగాక నున్నగా మారిపోవచ్చు. పూర్తిగా ఎదిగిన గుల్లను గుర్తుపట్టే ఉపాయముంది. చివరి రెండు మూడు సూచర్ గీతలు దగ్గర దగ్గరగా జరుగుతాయి, నోటి దగ్గర చుట్టు కాస్త వదులవుతుంది. సేకరణల్లో చాలావాటికి జీవి ఉండే చివరి గది విరిగిపోయి ఉంటుంది. సూచర్ గీతలు చివరిదాకా ఉన్నాయంటే ఆ గది పోయినట్టే. అసలు జీవి అంతకంటే బాగా పెద్దది. ఎంత పెద్దదవగలదో తెలియాలంటే జర్మనీలోని మ్యూన్‌స్టర్ మ్యూజియం చూడాలి. 1895లో జెప్పెన్‌రాడె దగ్గర దొరికిన పారాపుజోసియా అక్కడుంది. చివరి గది చాలావరకు లేకుండానే దాని వ్యాసం 1.7 మీటర్లు దాటింది.

అసలు తగాదా ఆడ మగ దగ్గర వచ్చింది. ఒకే పొరలో పెద్ద గుల్ల ఒకటి, దాని చిన్ననాటి చుట్లను అచ్చంగా పోలిన చిన్న గుల్ల ఒకటి జంటగా దొరుకుతాయి. చిన్నదాని నోటి దగ్గర ఇరుపక్కలా చెవుల్లా పొడుచుకొచ్చిన భాగాలు తరచూ ఉంటాయి. వందేళ్లకు పైగా వీటిని వేరు జాతులుగా, కొన్నిసార్లు వేరు ప్రజాతులుగా లెక్కించారు. 1960ల తొలి ఏళ్లలో పోలండ్‌లో మకోవ్‌స్కీ, ఇంగ్లండ్‌లో కాలమన్ విడివిడిగా ఇవి ఒకే జాతిలోని ఆడ మగలని గట్టిగా వాదించారు. పెద్దది ఆడదని సాధారణంగా అనుకుంటారు. మెత్తని శరీరం దొరకడం బహు అరుదు గనక శాస్త్రజ్ఞులు జాగ్రత్తగా పెద్ద రూపం, చిన్న రూపం అనే రాస్తారు. కచ్‌లో దొరికే మాక్రోకెఫలైటిస్ దీనికి దగ్గరి ఉదాహరణ. డోలికెఫలైటిస్, కాంప్టోకెఫలైటిస్ అని పాత పుస్తకాల్లో విడి పేర్లున్న చిన్న గుల్లలను ఇప్పుడు చాలామంది మాక్రోకెఫలైటిస్ చిన్న రూపాలుగానే చూస్తున్నారు.

ఈ మార్పుకు ముందున్న కాలాన్ని ఒక్క మనిషి పేరుతో చెప్పవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన ఎస్.ఎస్. బక్‌మన్ 1909 నుంచి 1930 దాకా సంపుటాలుగా వెలువడిన ‘టైప్ అమ్మోనైట్స్’లో గట్టు కాస్త వంగినా కొత్త పేరు, మందం కాస్త మారినా కొత్త పేరు అన్నట్టు సృష్టించుకుంటూ పోయాడు. ఒకే పొరలో ఒకే చోట బతికిన ఒకే జాతిలో కూడా సన్నవీ లావువీ, మోటు గట్లవీ నున్ననివీ పక్కపక్కన ఉండటం మామూలేనని తరువాతి తరం తేల్చింది. బక్‌మన్ పేర్లలో చాలావాటిని రద్దు చేసింది. కానీ ఆయన కళ్ల పదును, బొమ్మల నాణ్యత, పొరల నమోదు ఇప్పటికీ పనికొస్తున్నాయి. పేర్లు పోయినా నమోదు నిలిచింది.

సేకరించేవారికి దీనివల్ల ఒక చిక్కు, ఒక ఊరట. పాత చీటీ మీద ‘అమ్మోనైటిస్ కమ్యూనిస్’ అని ఉంటే కంగారుపడనక్కర్లేదు. 1789లో బ్రూగ్యేర్ పెట్టిన అమ్మోనైటిస్ అనే ఒకే గొడుగు కింద మొదట్లో దాదాపు అన్నిటినీ చేర్చేవారు. 1867లో అమెరికాకు చెందిన హయట్ విడదీశాక ఆ రాయి డాక్టిలియోసెరాస్ కమ్యూనే అయింది. పాత చీటీ తప్పు చీటీ కాదు. దాన్ని పారేయకుండా పక్కన కొత్త చీటీ పెట్టాలి.

ఇక ఊరు, పొర. జర్మనీలో ఆల్బర్ట్ ఒప్పెల్ 1856-58లో జురాసిక్ పొరలను అమ్మోనైట్ల ఆధారంగా జోన్లుగా విభజించాడు. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. అమ్మోనైట్ జాతులు త్వరత్వరగా పుట్టి త్వరగా పోయాయి, సముద్రాల మీదుగా దూరాలకు వ్యాపించాయి. అందుకే వాయువ్య ఐరోపా జురాసిక్‌లో సగటున పది లక్షల ఏళ్ల లోపే ఒక జోన్ మారుతుంది. ఈ బలమే బలహీనత కూడా. పది లక్షల ఏళ్లు అటూ ఇటూ అయితే పేరు మారిపోతుంది.

మన దేశంలో దీనికి కచ్‌ను మించిన పాఠశాల లేదు. అక్కడి అమ్మోనైట్లలో కొన్నిటిని 1840లో సోవర్బీ వర్ణించాడు. తరువాత భారత భూగర్భ సర్వేకు చెందిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1871-72లో కచ్ అంతా తిరిగి పొర పొరనూ వేరుచేసి సేకరించాడు. పాచమ్, చారి, కట్రోల్, ఉమియా అని నాలుగు విభాగాలు చేశాడు. ఆ అమ్మోనైట్ల మీద పుస్తకం రాసే అవకాశం ఆయనకు దక్కలేదు. 1874లో యార్కండ్ యాత్ర నుంచి తిరిగివస్తూ లడఖ్‌లో కన్నుమూశాడు. ఆ సేకరణను విల్హెల్మ్ వాగెన్ 1873-75లో వర్ణించాడు. యాభై ఏళ్ల తరువాత లండన్‌లో ఎల్.ఎఫ్. స్పాత్ 1927-33 మధ్య అదే సంపదను తిరగదోడి పెద్ద సవరణ గ్రంథం వెలువరించాడు. కచ్ ముఖం చూడకుండా స్పాత్ అంత పని చేయగలిగాడంటే స్టోలిచ్కా లాంటివాళ్లు రాయి పక్కన పొర పేరు రాసిపెట్టడం వల్లే.

దాని పక్కన పెట్టి ఇప్పటి సేకరణల్లో కనబడే చీటీ చూడండి: ‘అమ్మోనైట్, భుజ్’. కచ్ జురాసిక్ పొరలు రెండు కోట్ల ఏళ్లకు పైగా విస్తరించాయి. ‘భుజ్’ అని రాస్తే రైలు దిగిన స్టేషను తెలుస్తుందంతే. ఏ వాగు, ఏ గుట్ట, కొండ అడుగునా పైనా, రాయి రంగేమిటి, విడిగా పడి ఉందా పొరలో కూరుకుని ఉందా అనేవి కావాలి. పొర తెలిసినా ఒక్కోసారి మోసం జరుగుతుంది. కచ్‌లో పేరుమోసిన ధోసా ఊలైట్ ఇనుప రేణువులతో ఎర్రబారిన పల్చని పట్టీ. మాయాయిటిస్ లాంటి అమ్మోనైట్లకు అది గని. కానీ దాని పైభాగంలో చాలా నెమ్మదిగా, ఆగి ఆగి పేరుకున్న పొర ఉంది. పాత శిలాజాలు పైకి లేచి కొత్తవాటితో కలిసిపోయాయి. పక్కపక్కన దొరికినంత మాత్రాన ఒకే కాలానివి కానక్కర్లేదు.

తమిళనాడులోని అరియలూరు, పెరంబలూరు వైపు క్రెటేషియస్ పొరలకు స్టోలిచ్కాయే మొదటి పెద్ద గ్రంథం రాశాడు. 1895-98లో వియన్నాకు చెందిన కోస్మాట్ సవరించాడు. నర్మదా లోయలో బాగ్ పొరల్లో ప్లాసెంటిసెరాస్ ముఖ్యం. హిమాలయాల్లోని స్పీతీ అమ్మోనైట్ల మీద ఉహ్లిగ్ 1903-10లో రాసినదే నేటికీ మొదటి ఆధారం. స్టోలిచ్కా, ఉహ్లిగ్ గ్రంథాలు భారత భూగర్భ సర్వే వారి ‘పాలియంటాలోజియా ఇండికా’ వరసలో అచ్చయ్యాయి. విదేశీ సేకరణలకైతే 1957లో ఆర్కెల్, కమ్మెల్, రైట్ సిద్ధం చేసిన ‘ట్రీటైజ్’ ఎల్ భాగం, క్రెటేషియస్‌కు దాని 1996 సవరణ మూల గ్రంథాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇవి బరువు. తమ రాయి దొరికిన ప్రాంతం మీద వచ్చిన చిన్న పుస్తకమే మేలు.

ఆంధ్ర తీరంలో ఉన్న కొద్దిపాటి అమ్మోనైట్ల కథ ఇంకా ఆసక్తికరం. ఒంగోలు వైపు బుడవాడ, వేమవరం, పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని రాఘవపురం పొరలను 1870ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ పరిశీలించారు. ఆకు శిలాజాలను బట్టి ఈ పొరలను చాలాకాలం జురాసిక్ కాలానివనుకున్నారు. ఇదే షేల్‌లో నలిగిన ముద్రలుగా దొరికిన అమ్మోనైట్లను స్పాత్ పరిశీలించి అవి క్రెటేషియస్ తొలి భాగానివని తేల్చాడు. వాటిలో ఒకదాని పేరు పాస్కోయిటిస్ బుడవాడెన్సిస్. చూడ్డానికి ఆకర్షణ లేని, అద్దాల బీరువాలో ఎవరూ పెట్టుకోని పలక ముద్ర అది. తూర్పు తీరపు పొరల వయసు నిర్ణయించడంలో మెరుగుపెట్టిన వంద మడగాస్కర్ జతలకంటే దానికే విలువ ఎక్కువ.

మడగాస్కర్ మాట వచ్చింది కాబట్టి బజారు సంగతి. నడిమికి కోసి, అద్దంలా మెరుగుపెట్టి, గదుల్లో స్ఫటికాలు మెరిసే జతలు చాలావరకు మడగాస్కర్ వాయవ్య ప్రాంతపు ఆల్బియన్ పొరలవి. సుమారు 11 కోట్ల ఏళ్లవి. వ్యాపారులు అన్నిటినీ క్లియోనిసెరాస్ అంటారు. అందులో వేరే ప్రజాతులూ కలిసే ఉంటాయి. కోసిన జత గదులు, అడ్డుగోడలు, గొట్టం బ్రహ్మాండంగా చూపిస్తుంది. పిల్లలకు పాఠం చెప్పడానికి అంతకంటే మంచిది లేదు. కానీ సానపట్టడంలో గట్లు, అంచు పోతాయి. పేరు తేల్చే ఆధారాలను అరగదీసి అమ్మే సరుకది. రష్యాలో వోల్గా తీరపు పైరైట్ అమ్మోనైట్లు, కెనడాలోని ఆల్బర్టాలో ఇంద్రధనుస్సు రంగుల ప్లాసెంటిసెరాస్ గుల్ల కూడా బజారుకు వస్తాయి. ఆల్బర్టా గుల్ల పొరను అమ్మోలైట్ పేరుతో 1981లో ప్రపంచ నగల సమాఖ్య రత్నంగా గుర్తించింది. అక్కడ శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. కొనేటప్పుడు ఆ పత్రం అడిగితే ఊరు, పొర కూడా తెలిసే అవకాశం ఉంది.

నకిలీలు మూడు రకాలు. పూర్తిగా రెసిన్ పోత పోసినవి చేతికి తేలిగ్గా ఉంటాయి, భూతద్దంలో గాలి బుడగలు కనబడతాయి. రెండో రకంలో సగం అసలు, సగం పుట్టీతో అతికించి చెక్కినది ఉంటుంది. గట్ల మధ్య దూరం ఒక చోట హఠాత్తుగా మారడం, రంగు వేసిన చోట అసిటోన్ దూదికి మరక అంటడం దీని గుర్తులు. మూడోది అసలైన అమ్మోనైట్‌నే వేరే రాతిలో అతికించడం. ఇందులో శిలాజం నకిలీ కాదు, చిరునామా నకిలీ. పేరు తేల్చేవారికి అన్నిటికంటే ప్రమాదకరం ఇదే.

సాలగ్రామం కేసు ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుంది? ఊరు ఉజ్జాయింపుగా తెలుసు. స్పీతీ షేల్ వర్గపు నల్లటి పొరల్లోని గుండ్రాళ్లు నదిలో పడి దొర్లుకుంటూ వచ్చాయి. జురాసిక్ చివర, క్రెటేషియస్ మొదలు కాలపు బ్లాన్‌ఫోర్డిసెరాస్ లాంటివి వాటిలో ఉంటాయి. కానీ నది పొరను చెరిపేసింది. చక్రం లోపలి ముద్రే కావడంతో బయటి అంచు అందదు. నిజాయతీగా రాయగలిగేది: ‘అమ్మోనైట్, గండకీ నది, నేపాల్’. రంధ్రంలో గట్ల తీరు స్పష్టంగా ఉంటే ప్రజాతి పేరును ప్రశ్నార్థకంతో చేర్చవచ్చు. పూజలో ఉన్న రాయిని గీకి, ఆమ్లం చుక్క వేసి పరీక్షించమని ఎవరు చెప్పినా వినకూడదు. పక్క వెలుతురులో తీసిన మంచి ఫొటో చాలు. చక్రం చెక్కిన నకిలీలు బాగానే తిరుగుతున్నాయి. చెక్కిన చక్రంలో గట్లు యంత్రంతో గీసినట్టు సమానంగా ఉంటాయి. అసలైనదానిలో లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి.

ఫోన్ యాప్‌లు ఈ పనిలో ఎంతవరకు పనికొస్తాయి? అమ్మోనైటా కాదా అన్నంతవరకు ఫరవాలేదు. జాతి పేరు ధీమాగా చెబితే మాత్రం నమ్మకూడదు. యాప్‌కు ఊరు తెలియదు. రంగు, మెరుగు, నీడ కూడా దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. శాస్త్రజ్ఞులు శిలాజం మీద అమ్మోనియం క్లోరైడ్ పొగ పట్టించి తెల్లగా మార్చి ఫొటో తీసేది రంగు మాయను తప్పించి గట్లను బయటికి తేవడానికే. ఇంట్లో అంత పని అక్కర్లేదు. ఒక పక్క నుంచి వెలుతురు, పక్కన స్కేలు, పక్క భాగం, అంచు, నోరు అనే మూడు కోణాలు చాలు.

పేరు రాసే తీరులో కూడా శాస్త్రం కొన్ని మర్యాదలు నేర్పింది. ప్రజాతి దాకానే తెలిస్తే ‘ఎస్పీ.’ అని, ఫలానా జాతిని పోలి ఉంది గానీ ఖాయం కాదనుకుంటే ‘సీఎఫ్.’ అని, దగ్గరిదే గానీ వేరనిపిస్తే ‘అఫ్.’ అని మధ్యలో చేరుస్తారు. పెద్ద పెద్ద పండితుల పత్రాల నిండా ఇవి ఉంటాయి. సొంత సేకరణలో మాత్రం ప్రతి రాయికీ పూర్తి జాతి పేరు ఉండి తీరాలన్న పట్టుదల కనబడుతుంది. ‘పెరిస్ఫింక్టిస్ ఎస్పీ., కచ్, ధోసా ఊలైట్’ అన్న చీటీ పక్కన ఊరు లేని గంభీరమైన జాతి పేరు వెలవెలబోతుంది.

చీటీ బతకాలంటే రాయి కూడా బతకాలి. పైరైట్‌గా మారిన అమ్మోనైట్లు విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల తేమలో కొన్నేళ్లకే తెల్లటి, పసుపు పొడి రాల్చి విచ్చుకుపోతాయి. పైరైట్ ఆక్సీకరణలో పుట్టే ఆమ్లం కింద ఉన్న కాగితాన్ని కూడా తినేస్తుంది. మూత బిగువైన డబ్బా, సిలికా జెల్ సంచి, చీటీకి విడిగా ప్లాస్టిక్ కవరు అవసరం. అదే సంఖ్యను రాతి మీద కనబడని మూల చిన్న తెల్లరంగు చుక్కపై రాసి, పుస్తకంలో నమోదు చేసుకుంటే చీటీ పోయినా ఆధారం మిగులుతుంది.

భూవారసత్వ స్థలాలు, అవశేషాల పరిరక్షణ కోసం మన కేంద్ర ప్రభుత్వం 2022లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, పొరలోంచి సుత్తితో పెకలించడం సొంత సేకరణ పని కాదు. హైదరాబాద్ బండ్లగూడలో భారత భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్ర విభాగాలున్నాయి. బుడవాడ, వేమవరం, రాఘవపురం వైపు బావి తవ్వకంలోనో వాగు గట్టునో చుట్ట ముద్ర ఉన్న షేల్ పలక కనబడితే నీళ్లతో కడగకండి, పొరలు విచ్చుకుంటాయి. వార్నిష్ పూయకండి. దొరికిన చోటును ఫోన్‌లో గుర్తుపెట్టుకుని, పలక ఫొటోతో పాటు ఆ గట్టు ఫొటో కూడా తీసి వాళ్లకు పంపండి.